నీళ్లు తాగేవారికి జవాబుదారి ఎవరు?

చెరువు నీళ్లు తాగి పసిబిడ్డలు విరేచనాలతో చనిపోతుంటే, 1970ల నుండి బంగ్లాదేశ్ పల్లెల్లో ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి చేతిపంపులు వేయించాయి. అది పుణ్యకార్యమే. ఎన్ని పంపులు వేశారో లెక్క రాసుకున్నారు. అవి దొంగలెక్కలూ కావు. కాని ఆ నేలలోనే ఆర్సెనిక్ అనే విషం ఉంది. పక్కనున్న పశ్చిమ బెంగాల్‌లో వైద్యులు దానిని 1983లోనే గుర్తించారు. బంగ్లాదేశ్‌లో 1993లో గాని బయటపడలేదు. అప్పటికే ఎందరికో ఒంటిమీద నల్లమచ్చలు వచ్చాయి, అరచేతులు కాయలు కాచాయి. 3.5 కోట్ల నుండి 7.7 కోట్ల మందికి ముప్పు ఉందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక ప్రకటించింది.

ఇందులో మన మనస్సాక్షిని తాకవలసిన విషయం మరొకటుంది. బ్రిటిష్ ప్రభుత్వ సహాయ నిధులతో 1992లో బ్రిటిష్ భూగర్భ పరిశోధన సంస్థ అక్కడి నీటిని పరీక్షించింది. ఎన్నో ఖనిజాలకు పరీక్ష జరిగింది, ఆర్సెనిక్‌కు జరగలేదు. జబ్బుపడిన ఒక గ్రామస్థుని తరఫున లండన్‌లో దావా వేశారు. నీటి సరఫరాతో ఆ సంస్థకు సంబంధం లేదు గనుక అతనిపట్ల దానికి బాధ్యత లేదని 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది.

ఆ తీర్పును తప్పుపట్టలేం. సాయానికి వచ్చినవారిని అన్నిటికీ బోనెక్కిస్తే రేపు ఎవరు వస్తారు? అయితే బ్రిటిష్ చట్టంలో ‘పొరుగువాడు’ అనే మాటను 1932లో లార్డ్ ఆట్కిన్ స్థిరపరచినప్పుడు, లూకా సువార్తలో ధర్మశాస్త్ర బోధకుడు ప్రభువును అడిగిన ప్రశ్ననే తలచుకున్నాడు. చట్టం దానికి హద్దు గీసింది. గీయక తప్పదు. ప్రభువు మాత్రం మంచి సమరీయుని కథ చెప్పి, హద్దు గీయలేదు. చేయక విడిచినది కూడా పాపమేనని మనం ప్రతి బలిపూజ ఆరంభంలో ఒప్పుకుంటూనే ఉన్నాం గదా!

మన విచారణలకూ విదేశీ సాయం వస్తుంది. తనిఖీకి వచ్చినవారు జీపు దిగి, కమిటీ పెద్దలతో మాట్లాడి, శిలాఫలకం దగ్గర ఫొటో తీసుకుని వెళ్తారు. బిందె పట్టుకుని నిలబడ్డ తల్లిని ‘ఈ నీళ్లు ఎలా ఉన్నాయమ్మా?’ అని అడగరు. వారి ఫారంలో ఆ గడి ఉండదు. డబ్బిచ్చినవారికి లెక్క చెప్పాలి, నిజమే. ఆ తల్లికి లెక్క చెప్పవలసినది ఎవరు?

బంగ్లాదేశ్‌లో 1999–2006 మధ్య దాదాపు 50 లక్షల పంపులను పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు వేశారు. తర్వాత ఎండకు, వానకు చాలాచోట్ల ఆ రంగు వెలిసిపోయింది.