సీజన్ కాని పూలు

నర్సీపట్నం దాటి, డౌనూరు మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కే కార్లు కార్తీకం వచ్చేసరికి పెరుగుతాయి. అందరూ మంచు కోసమే వస్తారు. ఆ దారిలో ఇప్పుడు రిసార్టులు, టెంట్లు చాలానే వెలిశాయి. కొన్నింటి ముంగిట కొరియన్ గడ్డి పరిచి ఉంటుంది, అంచుల్లో బంతి. తెల్లవారుజామున ఆ గడ్డి మీద మంచు బాగానే ఉంటుంది. అదే ముంగిలి కడియంలోనైనా, హైదరాబాదులోనైనా ఇలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది.

ఈ కొండలకు సొంత పూలు లేక కాదు. తొలకరి పడితే చాలు, గట్ల మీద తుమ్మి, గునుగు, ఉత్తరేణి ఎవరూ పిలవకుండానే వస్తాయి. విష్ణుక్రాంత నేలను అంటుకుని పాకుతుంది. దాని నీలిపువ్వు చొక్కా గుండీ కన్నా పెద్దది కాదు. పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతుంది. చూడాలంటే వంగాలి, అదీ పొద్దున్నే.

వినాయక చవితికి మాత్రం వీటికి ఎక్కడలేని గౌరవం. పత్రి కోసం ఉత్తరేణి, విష్ణుక్రాంత, గరిక వెతికి మరీ తెస్తాం. మర్నాటి నుంచి అవి మళ్లీ పిచ్చి మొక్కలు. ఒక్కరోజు మర్యాద ఎందుకు, మిగతా ఏడాది చిన్నచూపు ఎందుకో ఎంత ఆలోచించినా తేలదు.

రిసార్టు ముంగిట ఓ అరెకరం ఈ పూలకే వదిలేస్తే ఎలా ఉంటుంది? పని పెద్దగా ఉండదు. బలమైన మట్టి అక్కర్లేదు, ఎరువు అసలే వద్దు. ఎరువు పడితే గడ్డి బలిసి పూలను తొక్కేస్తుంది. చుట్టుపక్కల గట్ల మీద పండిన గింజలే ఏరి చల్లుకోవచ్చు. గింజ రాలాక ఒకసారి కోసి, కోసినది అక్కడే కుళ్లనివ్వకుండా ఎత్తేస్తే చాలు. కష్టమంతా పనిలో కాదు, కాలంలో ఉంది. ఈ పూలు వానలకు పూసి, చలి ముదిరేసరికి ఎండు ముఖం పడతాయి. అతిథి వచ్చేది సరిగ్గా అప్పుడే.

అగ్నిశిఖనే తీసుకుంటే, దాని ఆకు కొసే నులితీగై పక్కనున్న గడ్డిపరకను చుట్టుకుంటుంది. రేకలు వెనక్కి విరుచుకుని, పసుపులోంచి ఎరుపులోకి మెల్లగా తిరుగుతాయి. వానలు వెనకబట్టాక తీగంతా ఎండిపోతుంది. దుంప మాత్రం మట్టిలో మళ్లీ తొలకరి దాకా పడుకుంటుంది. డిసెంబరులో గది తీసుకున్నవాళ్లకు అక్కడ అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు. దానికి ఆ లోటూ ఉన్నట్టు లేదు.

సీజనుకు సరిగ్గా అందేవి వలిసెలు. నవంబరు, డిసెంబరుల్లో మన్యమంతా పసుపు. ఫొటోలకు జనం, పువ్వు పువ్వునా తేనెటీగలు. తీరా చూస్తే వలిసెల పుట్టిల్లు ఇథియోపియా. ఎన్నో తరాలుగా ఇక్కడి గిరిజన రైతుకు నూనె ఇస్తున్న పంటను ఇక్కడిది కాదనడానికి నోరు రాదు. వయ్యారిభామ కలుపూ వలస వచ్చిందే. మన దేశంలో అది 1955 ప్రాంతంలో పుణెలో కంటపడిందంటారు. దాన్ని మాత్రం ఎవరూ మనదనరు. అడవి అంచులను ఆక్రమించిన తలంబ్రాల చెట్టుదీ అదే కథ. పుట్టిన చోటును బట్టి సొంతమా, పక్కవాళ్లకు చోటిచ్చిన తీరును బట్టి సొంతమా? రెండోదే సరైన కొలత అనిపిస్తుంది కానీ, గట్టిగా చెప్పేంత నమ్మకం లేదు.

ఇలాంటి పూలను కాపాడబోతే ఏమవుతుందో చెప్పడానికి మహారాష్ట్రలో సతారా దగ్గర కాస్ పీఠభూమి ఉంది. 2012లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పశ్చిమ కనుమల్లో అదీ ఒక భాగం. అక్కడ పూల రక్షణకని కంచె వేశారు. పశువులు మేయడం ఆగిపోయి గడ్డి పెరిగిందని, పూలు తగ్గాయని తర్వాత కొందరు వాదించారు. అంటే కాపాడటంలోనూ ఎక్కువ తక్కువలుంటాయన్నమాట. ఎంత పట్టించుకోవాలి, ఎంత వదిలేయాలి అన్నది పూల దగ్గరే కాదు, పిల్లల దగ్గరా తేలని లెక్కే.

రిసార్టు ముంగిట పూలకు వదిలేసిన అరెకరం జనవరిలో బీడులాగే కనిపిస్తుంది. ఇదేమిటి, తోట పెంచలేదా అని అతిథులు అడుగుతారు. ఎండిన గునుగు వెన్నులో గింజలున్నాయని, వాటికోసం పిట్టలు వస్తాయని చెప్పేవాళ్లు అక్కడ ఒకరుండాలి. జీతానికి పెట్టుకునే పనివాడు కాదు, ఆ ముంగిటి ఎండునూ ఇష్టపడే మనిషి. ఉన్నదాంతో తృప్తి అంటే ఏమిటో పచ్చగా ఉన్నప్పుడు తెలియడం కష్టం.

కొరియన్ గడ్డికి ఏడాది పొడవునా నీళ్లు కావాలి, కోత కావాలి. తుమ్మికి రెండూ అక్కర్లేదు. అయినా బిల్లు కట్టే అతిథి చలికాలంలోనే వస్తాడు కాబట్టి, ఇప్పటికి ఆ ముంగిలి కొరియన్ గడ్డిదే.