బుచ్చమ్మను ఎవరైనా అడిగారా?

డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పే రోజుల్లో నాకో దురలవాటు ఉండేది. ప్రశ్న వేసేవాణ్ణి, క్లాసు కాస్త మౌనంగా ఉంటే కంగారుపడి జవాబూ నేనే చెప్పేసేవాణ్ణి. పైగా ఇంటికెళ్లి, ఈ కాలం పిల్లలు నోరు విప్పరని విసుక్కునేవాణ్ణి.

1970లలో మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త బడుల్లో సైన్సు పాఠాలను టేపులకెక్కించి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకనేనట! మూడు సెకన్లు ఆగిన చోట పిల్లల జవాబులు పెరిగాయి, ‘తెలీదు’ అనడం తగ్గింది. మూడు సెకన్లు ఓ లెక్కా అనుకుంటాం. ఇదిగో, ఇప్పుడు ఆగుతాను.

…

రేడియో పాడైందేమో అనుకున్నారు కదూ? అరవై మంది మొహాలు చూస్తూ ఆగడం ఇంకా కష్టం.

ఆగితే చాలదు, ప్రశ్నలో పస ఉండాలి. కన్యాశుల్కం నాటకం చెబుతూ ఏటా ఒకటే అడిగేవాణ్ణి: గిరీశం మంచివాడా, చెడ్డవాడా? ‘చెడ్డవాడు సార్’ అని మూకుమ్మడిగా అనేసి క్రికెట్‌లో పడేవారు. ఒక ఏడు ప్రశ్న మార్చాను. నాటకం చివర వకీలు సౌజన్యారావు పంతులు, వితంతువైన బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపి చదివిస్తానంటాడు కదా, ఆ సంగతి బుచ్చమ్మను ఎవరైనా అడిగారా?

ఈ ప్రశ్న మీద పిల్లల్ని గుంపులుగా మాట్లాడించాలనుకున్నాను. కానీ మా బెంచీలు నేలకు బిగించినవి. అందుకని ముందు బెంచీవాళ్లను వెనక్కి తిరిగి కూర్చోమన్నాను. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. అంతకు మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు సినిమా చూస్తారు. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసుకోవాలి. ముందు ఒంటరిగా ఆలోచన, తర్వాత పక్కవాళ్లతో, ఆ తర్వాతే క్లాసు ముందు. 1981లో ఫ్రాంక్ లైమన్ చెప్పిన వరస ఇది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో పెట్టే గ్రూప్ డిస్కషన్ చూసి మన పిల్లలు చర్చంటే ముందు అరిచినవాడిదే గెలుపనుకుంటారు. రాసుకోమంటే ఆ తొందరకు కాస్త కళ్లెం పడుతుంది.

ఇక నేనెక్కడుండాలి? దగ్గర నిలబడితే ఒకరితో ఒకరు మాట్లాడరు, నాకే అప్పజెబుతారు. వెళ్లి చివరి బెంచీలో కూర్చుని హాజరుపట్టీ తెరిచాను.

నా ముందు గుంపులో ఓ అమ్మాయి ఉంది. ‘ప్రెజెంట్ సార్’ తప్ప ఆ పిల్ల గొంతు నేను విన్నది లేదు. నోట్‌బుక్‌లోంచి తలెత్తకుండా చదివింది: “చదివిస్తారు సరే, మధ్యలో వాళ్లమ్మను చూడ్డానికి పంపిస్తారా?”

ఎదురుగా ఉన్న మాటకారి కుర్రాడు వెంటనే, “ఎందుకు పంపరు!” అన్నాడు.

“ఎక్కడుంది? చూపించు.”

కుర్రాడు పుస్తకం లాక్కున్నాడు. పక్కవాడు తనది తీశాడు. ఆరుగురూ చివరి పేజీల మీద వంగారు. లేచి వెళ్లి, అసలు పూనాలో ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలని నాకు నాలుక ఒకటే దురద. హాజరుపట్టీలో అప్పటికి రెండుసార్లు లెక్కపెట్టిన హాజరు మూడోసారి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.