మళ్ళీ కడుతుందా?

మూడేళ్ళ కిందట సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా ఆవు ఈనలేక రాత్రంతా అవస్థపడింది. తెల్లారి వచ్చిన పశువుల డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "దూడ మరీ పెద్దది, కోసి తియ్యాల్సిందే" అన్నారు. నాన్న అడిగిన మొదటి మాట, "బతుకుతుందా సార్?" రెండోది, "మళ్ళీ కడుతుందా?"

ఆ రెండో మాటకి నాకు ఒళ్ళు మండింది.

ఆవుని నిలబెట్టే ఆపరేషన్ చేశారు. ఎడమ డొక్క మీద వెంట్రుకలు గొరిగి, అక్కడికి మాత్రం మత్తిచ్చి కోశారు. అటువైపు పెద్దపొట్ట ఉంటుంది కాబట్టి పేగులు బయటికి జారకుండా అడ్డుంటుందట. దూడ అప్పటికే చచ్చిపోయింది. ఆవు బతికింది.

నాన్న రెండో ప్రశ్నకి కూడా డాక్టరు ఓపిగ్గానే జవాబిచ్చారు. ఆలస్యమయ్యేకొద్దీ, దూడ లోపలే చచ్చేకొద్దీ తల్లికి ముప్పు ఎక్కువ. గట్టెక్కినా మాయ పడకపోవచ్చు, గర్భసంచికి చీము పట్టొచ్చు, కోసినచోట పక్క పొరలు అతుక్కుపోవచ్చు. అందుకే కొన్ని ఆలస్యంగా కడతాయి, కొన్ని ఇక కట్టవు.

తర్వాత బెల్జియన్ బ్లూ అనే మాంసం జాతి గురించి చదివాను. ఒక జన్యువులో మార్పు వల్ల వాటి దూడలు కండలు తిరిగి పుడతాయి. బెల్జియంలో ఆ జాతి ఈతల్లో నూటికి 90కి పైగా కోతలే. అక్కడ ఆపరేషన్ ఆపదలో చేసే సాయం కాదు, ముందే వేసుకున్న లెక్క. ఎంత దుర్మార్గం అనుకున్నాను. కానీ మా పొట్టి ఆవుకి, పాలెక్కువ ఇచ్చే దూడ కోసం హోల్‌స్టీన్ సూది వేయించింది మేమే కదా! నా హాస్టల్ ఫీజులు ఆ కొట్టంలోంచి వచ్చినవే.

మన భాషలో పశువునీ గొడ్డే అంటాం, కట్టనిదాన్నీ గొడ్డే అంటాం.

మా ఆవు మూడు సూదులకీ నిలవలేదు. పాలూ వట్టిపోయాయి. నాన్న అమ్మేద్దామన్నాడు, నేను వద్దన్నాను.

"మరి మేత డబ్బులు నువ్వు పంపుతావా?"

పంపుతానన్నాను. నాలుగు నెలలు పంపాను. ఐదో నెల రూమ్ మారాను, అడ్వాన్సు కట్టాల్సొచ్చింది. ఆరో నెల మర్చిపోయాను. నాన్న గుర్తుచెయ్యలేదు.

ఇప్పుడనిపిస్తుంది, నాన్న అడిగింది క్రూరమైన ప్రశ్న కాదు. ఆ ఆవుతో రేపు కూడా బతకాల్సినవాడి ప్రశ్న. నా జాలి ఆ ఒక్క పొద్దుటిది.

తర్వాత ఊరెళ్తే కొట్టంలో ఒక గుంజ ఖాళీగా ఉంది. ఎవరికమ్మావని నేనూ అడగలేదు.