దడను ఉండనివ్వడం

ప్యానిక్ అటాక్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: "ఏం కాదులే, ధైర్యంగా ఉండు." ప్రేమతోనే అంటారు. కానీ ధైర్యమంటే మనకు బిగబట్టుకోవడమే. నేను బస్సులో ముందు సీటు కడ్డీ పట్టుకుని బిగుసుకుపోయేదాన్ని. చెమటకు చేతిలో టికెట్టు మెత్తబడిపోయేది, వేళ్ల కొసలు తిమ్మిరెక్కేవి, ప్రాణం ఇక్కడే పోతుందనిపించేది. ఈసీజీ బాగుందని డాక్టరు చెప్పాక కూడా అంతే. (మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం గుండె పరీక్ష చేయించుకోవాల్సిందే. భయమేలే అని మనంతట మనం తేల్చేసుకోకూడదు.)

ఊపిరి అందడం లేదని గబగబా పీల్చేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తిమ్మిర్లూ, తల తిరగడమూ చాలావరకు అందువల్లే. బతకాలని పడే తాపత్రయమే చావు వచ్చిపడిందన్నంత భయం పుట్టిస్తుంది.

ఆస్ట్రేలియా డాక్టరు క్లెయిర్ వీక్స్ ఈ ముడిని బాగా పట్టుకున్నారు. వయసులో ఉండగా ఆమెనూ గుండెదడ పీడించింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా ఉన్న స్నేహితుడొకరు, దడకు భయపడుతున్నావు కాబట్టే దడ తగ్గడం లేదని ఆమెకు చెప్పారట. 1962లో వచ్చిన తన పుస్తకంలో ఆమె చెప్పిన దారి నాలుగు మాటలు: ఎదురుపడటం, ఒప్పుకోవడం, తేలిపోవడం, కాలాన్ని గడవనివ్వడం. మొదటి భయం ఒంట్లోంచి దానంతటదే ఎగదన్నుకొస్తుంది. "అయ్యో, మళ్లీ మొదలైందే" అన్న రెండో భయాన్ని మనం జోడిస్తాం. మొదటిది మన చేతిలో లేదు.

ఒప్పుకోవడంలోనూ ఒక బేరం దూరుతుంది. "సరే, ఒప్పుకున్నాను, ఇక పో" అని లోలోపల గడియారం చూస్తూ కూర్చుంటాం. అది పోరాటమే, కాస్త మర్యాదగా చేసే పోరాటం. నిజంగా ఒప్పుకోవడమంటే దడ ఈ పూటంతా ఉన్నా ఉండనివ్వడం, అది ఉండగానే దిగాల్సిన స్టాపులో దిగి, కొనాల్సిన కూరలు కొనుక్కోవడం. కర్మ అని చతికిలబడటం వేరు. అక్కడ మనిషి బతుకునే వదిలేస్తుంది. ఇక్కడ వదిలేది బిగించిన భుజాలనీ, కడుపునీ, ఆ కడ్డీనీ.

నాలుగింటిలో చివరిదే నన్ను ఎక్కువ కష్టపెట్టింది. నెలల తరబడి హాయిగా గడిచాక ఒకరోజు దడ మళ్లీ వస్తుంది, నేర్చుకున్నదంతా నీళ్లపాలైందనిపిస్తుంది. ఆ నిరాశ కూడా రెండో భయమేనని ఇప్పుడు నాకు తెలుసు. దాన్నీ వెళ్లగొట్టను.