పూర్వకర్మమా, పాలకధర్మమా?

వ్యాధి పూర్వకర్మఫలమే యైనచో, కొనకనమిట్ల మెట్టపల్లెల విద్యార్థికి క్యాన్సరు చికిత్సావిధానమును పరిశోధించి పాలకులతో వాదించుట నేర్పనేల యని కొందరి ప్రశ్న. ఆయుర్దాయము దైవ పురుషకారములు రెంటిపైనను ఆధారపడునని చరకసంహిత విమానస్థానము చెప్పుచున్నది. ఆ పురుషకారము, అనగా మానవప్రయత్నము, రోగి యొక్కనిదే యనుకొనుట సంకుచితమని నా తలంపు. హైదరాబాదులో 1955లోనే ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వెలసినను, 2007లో ఆరోగ్యశ్రీ పేరున మొదలైన పథకము చికిత్సావ్యయమును భరించుచున్నను, పొదిలి మీదుగ ఒంగోలుకో, ఇంకను దూరమున గుంటూరుకో పోవలసిన కూలిస్త్రీ కోల్పోయిన దినవేతనమును, ఆలస్యముగ బయటపడిన గర్భాశయముఖ క్యాన్సరును ఏ జన్మాంతరపాపమునకు అంటగట్టుదుము? ఆ క్యాన్సరుకు టీకా కలదు, ముందస్తు పరీక్ష కలదు. అవి యీ మెట్టపల్లెలకు ఎప్పుడు చేరవలెనో నిర్ణయించువారు మనుష్యులే. కావున విద్యార్థులు మొదట ఇంటింటికి పోయి వీనిని గూర్చి విచారింపవలెను, పిదప 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ పెట్టి, ముప్పది దినములలో రావలసిన సమాధానమును (వచ్చినచో!) తమ లెక్కలతో సరిపోల్చి, శాసనసభ్యుని యెదుట వినయముగనే, వెనుదీయక నిలువవలెను.