అనుమతియు ఋణమును

ఒడంబడిక ముగియకమునుపే బోధనావృత్తిని వీడి, పరదేశముననే నివసించుట ధర్మమా? జపానునందు కొలువు వీడినంతనే ఉపాధ్యాయుని నివాసానుమతి రద్దు కాదు. 14 దినములలో వలసశాఖకు తెలుపవలెను. సరియైన కారణము లేక 3 మాసములు ఆ వృత్తి చేయనిచో అనుమతిని రద్దుచేయవచ్చును. శాసనము పలుకునది ఇంతే. విద్యార్థుల యెడ ఋణమును గూర్చి అది పలుకదు. అనుమతి యుండుట వేరు, ఋణము తీరుట వేరు.

అట్లని మనసు లేని బోధ విద్యార్థులకు మేలు చేయదు. అన్యాయమునకో అనారోగ్యమునకో లోనైనవాడు వీడుట దోషము కాదు. కాని ముందుగా తెలిపి, పాఠములు ఎంతవరకు నడచినవో రాబోవువానికి అప్పగించి, అధికారులకు సత్యమే చెప్పవలెను. నిజము దాచి నిలుపుకొన్న నివాసము ఆతిథ్యమిచ్చినవారిని వంచించుటయే. విడిచిన తరగతి పిల్లలు వీధిలో ఎదురైనచో తల దించుకొనక పలుకరింపగలుగుటయే దీనికి గీటురాయి.