భరతుడి లేడికూన, మన డాబా మీద గద్ద

గండకీ నదీ తీరంలో రాజర్షి భరతుడు జపంలో ఉన్నాడు. నీళ్లు తాగుతున్న చూలు లేడి సింహగర్జనకు బెదిరి ఏరు దాటబోయింది. ఆ దూకుడులో గర్భం జారి కూన నీళ్లలో పడింది, తల్లి ప్రాణం విడిచింది. కొట్టుకుపోతున్న కూనను భరతుడు ఒడ్డుకు చేర్చాడు. తెలుగు భాగవతంలో గంగన రాసిన పంచమ స్కంధంలోని కథ ఇది. రాజ్యాన్నే వదులుకున్నవాడు ఆ లేడిని వదల్లేకపోయాడు. దాన్నే తలుచుకుంటూ కన్నుమూసి, లేడిగా పుట్టాడు.

జాలిపడితే ఇంతే, బంధంలో పడతామని కొందరు ఈ కథకు అర్థం చెబుతారు. నేను ఒప్పుకోలేను. కూన కళ్లముందే మునిగిపోతుంటే కదలని జపానికి విలువేముంది? భరతుణ్ని కట్టిపడేసింది ఆ తర్వాత పుట్టిన ‘నాది’ అన్న భావన.

ఆ కూనలాంటి ప్రాణులు మనకూ ఎదురవుతాయి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజా దారం చుట్టుకుని గద్దలు, పావురాలు, కొంగలు మన డాబాల మీద పడుతుంటాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా కొమ్మలకు చిక్కిన దారాలు పండగ దాటాక కూడా రెక్కలు కోస్తూనే ఉంటాయి.

అలాంటి పక్షిని చూడగానే మనసు ఆగదు. నీళ్లు పట్టాలని, నిమరాలని, గాయానికి పసుపూ నూనే రాయాలని తోస్తుంది. కానీ పక్షికి గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. ముక్కు తెరిచి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నూనె అంటిన ఈకలు ఎగరడానికి పనికిరావు. ఇక నిమిరే చేయి మనకు ప్రేమే అయినా, అడవి పక్షికి అది వేటాడే జంతువు పట్టు. ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు.

పాత తువ్వాలు మెల్లగా కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి ఎత్తాలి. గద్దయితే గోళ్లతో మరీ జాగ్రత్త. అడుగున గుడ్డ పరిచి, గాలికి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి మూత వేయాలి. చీకట్లో పక్షి నెమ్మదిస్తుంది. ఒంట్లో దిగిన దారాన్ని లాగకూడదు, వేలాడే కొసలే కత్తిరించాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో మెత్తగా అదిమి పట్టాలి. పిల్లికీ కుక్కకీ టీవీ చప్పుడుకీ దూరంగా పెట్టె ఉంచి, అటవీశాఖకో, పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడికో ఫోన్ చేయాలి.

ఆ తర్వాత వేచి ఉండటమే ఎంతో కష్టం. మాటిమాటికీ మూత తీయకుండా ఉండటం, పిల్లలకు చూపించకుండా ఉండటం, ఫొటో తీయకుండా ఉండటం. ఆ కాసేపటి నిగ్రహం ఏ ఉపవాసానికీ తీసిపోదని నా నమ్మకం. ఇంత చేసినా కొన్ని బతకవు. రెక్కలు తెగిన జటాయువు రాముడి కళ్లెదుటే ప్రాణం విడిచాడు. రాముడు తండ్రికి చేసినట్టే దహన సంస్కారం చేశాడు.

బతికిందని ఇంట్లో ఉంచుకుంటామంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అది మన పక్షి కాదు. అప్పగించేటప్పుడు ఏ వీధిలో, ఏ చెట్టు కింద, ఎన్నింటికి దొరికిందో రాసివ్వండి. కోలుకున్నాక తనకు తెలిసిన ఆ చోటే దాన్ని వదలడానికి వాళ్లకు అది కావాలి.